శవం ఊరికి.. కాగితం ఠాణాకే!

భివండిలో పోలీసు రికార్డులు పొందడమెలా?
* సొంతూరుకు బయల్దేరే ముందే అడగాల్సిన నెంబరు ఒకటుంది
* అర్జీ మరాఠీలో.. రసీదు చేతిలో
* కాదంటే సమాచార హక్కు చట్టమే అండ

భివండి (ఠాణే జిల్లా):

రాత్రి పాళీ. కార్ఖానాలో మగ్గాల మోత. ఆ మోతలోనే ఓ మనిషి కుప్పకూలాడు. కరెంటు కొట్టిందో, గుండె ఆగిందో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి వాడకట్టు వాళ్లు గుమిగూడారు. ''సేఠు బండి మాట్లాడిండు. ఊరికి తీస్కపోదాం నడువుండ్రి'' అన్నారొకరు. ''ఠాణాకు పోతే కోత పెడ్తరు, రెండొద్దులు ఆపుతరు. ఎందుకా గోస?'' అన్నారు మరొకరు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఇల్లాలు తల ఊపింది. ఆరేడు వందల కిలోమీటర్లు ప్రయాణించి శవం సొంతూరు చేరింది. దహనం అయింది. దినాలు అయ్యాయి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. బ్యాంకు ఖాతాలో ఏడాదికి ఇరవై రూపాయలు కోసుకున్న ప్రమాద బీమా ఉందని ఎవరో గుర్తుచేస్తారు. ఆమె బ్యాంకుకు వెళితే ''పంచనామా ఏది? పోస్టుమార్టం రిపోర్టు ఏది?'' అని అడుగుతారు. అవి లేవు. ఎందుకంటే ఠాణాలో ఆ చావు నమోదే కాలేదు. సేఠు చేతిలో పెట్టిన పది, ఇరవై వేలు దినాలకే ఖర్చయ్యాయి. కాగితం ఉంటే రావాల్సిన రెండు లక్షలు కాగితం లేక ఆగిపోయాయి.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. పొట్ట చేతపట్టుకుని పరాయి రాష్ట్రం చేరిన ఏ ఇంట్లోనైనా జరగగలిగేదే. పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి తరాలుగా వచ్చి భివండిలో స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పద్మానగర్, కామత్‌ఘర్ వీధుల్లో తెలుగే వినిపిస్తుంది. మగ్గం పని, భీముల పని, సైజింగ్ పని అందరికీ తెలుసు. ఠాణా పని మాత్రం చాలామందికి తెలియదు. తెలిసిన ఒకరిద్దరి వెంట, లేదంటే దళారీ వెంట తిరగాల్సి వస్తోంది. నిజానికి ఇందులో చాలా కాగితాలు హక్కుగా వచ్చేవే. కొన్నింటికి పైసా కూడా కట్టక్కర్లేదు.

ఏ కాగితం దేనికి?

ఠాణాకు వెళ్లి ''కాగితాలు కావాలె'' అంటే పని కాదు. ఏది కావాలో పేరుపెట్టి అడగాలి. భివండి ఠాణాల్లో వాడే మరాఠీ మాటలు తెలిస్తే సగం పని అయినట్టే.

అనుమానాస్పద మరణం, కరెంటు షాక్, మెట్ల మీంచి పడటం, ఆత్మహత్య.. ఇలాంటివాటికి ముందుగా పడేది 'అకస్మాత్ మృత్యూ' నమోదు. పోలీసులు, వకీళ్లు 'ఏడీ' అంటారు. దానికొక నెంబరు, పక్కన సంవత్సరం ఉంటాయి. ఇది ఎఫ్ఐఆర్ కాదు. ఎవరిదైనా తప్పుందని తేలితేనే ఎఫ్ఐఆర్ అవుతుంది. అందుకే ''ఎఫ్ఐఆర్ తెండి'' అని ఊళ్లో ఎవరైనా అడిగితే కంగారు పడొద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఎఫ్ఐఆర్ లేదా పంచనామా, దాంతోపాటు పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం అడుగుతారు. క్లెయిమ్ కాగితాలు 30 రోజుల్లో బ్యాంకుకు అందించడం మేలు.

నేరం నమోదైతే 'గున్హా రజిస్టర్ నంబర్' ఇస్తారు. కాగితాల మీద 'గు.ర.నం.' అని రాస్తారు. ఎఫ్ఐఆర్‌ను 'ప్రథమ్ ఖబర్', ఫిర్యాదును 'ఫిర్యాద్' లేదా 'తక్రార్' అంటారు. చిన్న తగాదా, తిట్లు, బెదిరింపు లాంటివైతే 'అదఖల్‌పాత్ర్' కింద రాస్తారు. జనం నోట అదే 'ఎన్సీ'. ఎన్సీ రాసి పంపితే కేసు పడ్డట్టు కాదు. మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దాన్ని దర్యాప్తు చేయరు.

పంచనామాల్లో ముఖ్యమైనవి రెండు. సంఘటన జరిగిన చోటును చూసి రాసేది 'ఘటనాస్థళ్ పంచనామా'. శవాన్ని చూసి రాసేది 'ఇన్‌క్వెస్ట్ పంచనామా'. రెండింటి మీదా పంచుల సంతకాలుంటాయి. చనిపోయిన వ్యక్తిని మరాఠీలో 'మయత్' అని రాస్తారు. వాంగ్మూలం 'జబాబ్'. మొదట చెప్పింది తప్పుపోతే మళ్లీ ఇచ్చేది 'పురవణీ జబాబ్'. నకలును 'ప్రత్' అంటారు.

మనిషి కనిపించకుండా పోతే 'మిసింగ్' నమోదు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ''ఎక్కడో ఉన్నడులే, వస్తడు'' అని ఊరుకుంటారు. ఏడేళ్లపాటు అయినవాళ్లకు ఎలాంటి జాడ తెలియకపోతేనే ఆ వ్యక్తి బతికి లేడని చట్టం భావిస్తుంది. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్‌లో ఉంది. ఆ ఏడేళ్ల లెక్క చూపాలంటే మిసింగ్ నమోదు తేదీయే గట్టి ఆధారం. అప్పుడు ఫిర్యాదు ఇవ్వకపోతే తర్వాత కోర్టులో చూపడానికి చేతిలో ఏమీ ఉండదు.

ముందు తేలాల్సింది.. ఏ ఠాణా?

భివండిలో చాలామంది ఇక్కడే తికమక పడతారు. పట్టణం, దాని చుట్టుపక్కల కొంత భాగం ఠాణే నగర పోలీసు కమిషనరేట్ కింద ఉన్నాయి. భివండి సిటీ, నిజాంపురా, శాంతినగర్, భోయివాడా, నార్పోలి, కోన్‌గావ్ ఠాణాలు దీనికి చెందినవే. వీటి మీద డిప్యూటీ కమిషనర్ ఉంటారు. భివండి తాలూకా, పడ్ఘా, గణేశ్‌పురి ఠాణాలు మాత్రం ఠాణే గ్రామీణ ఎస్పీ కిందికి వస్తాయి. ఊరి పేరు చూసి ''ఇది గ్రామమే కదా'' అనుకుంటే పొరపాటే. కోన్‌గావ్ పేరుకు గ్రామమే అయినా ఠాణా కమిషనరేట్‌ది. రైలు పట్టాల మీద జరిగితే రైల్వే పోలీసులది, అంటే జీఆర్పీది.

తప్పు కార్యాలయానికి అర్జీ పెడితే నెల రోజులు వృథా. కాబట్టి సంఘటన జరిగిన చోటు ఏ ఠాణా హద్దులోదో ముందుగా తెలుసుకోవాలి. శవాన్ని ఆసుపత్రికి తెచ్చినచోట కాదు, ఘటన జరిగిన చోట చూడాలి. ఆసుపత్రికి తెచ్చిన కేసయితే ఇందిరాగాంధీ మెమోరియల్ ఆసుపత్రి రికార్డులో ఏ ఠాణాకు కబురు పంపారో రాసి ఉంటుంది. పోలీసు కేసుగా రాసిన దాన్ని 'ఎంఎల్‌సీ' అంటారు. ఆ నెంబరు దొరికితే దాన్ని పట్టుకుని ఠాణా దాకా వెళ్లొచ్చు.

అప్పటికే ఊరికి వెళ్లిపోయిన వాళ్లకూ దారి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. సిరిసిల్ల ఠాణాలో ఇచ్చినా తీసుకోవాల్సిందే. దీన్నే 'జీరో ఎఫ్ఐఆర్' అంటారు. తర్వాత భివండికి బదిలీ చేస్తారు. ''అక్కడ జరిగింది అక్కడికే పోండి'' అనడానికి వీల్లేదు.

ఎఫ్ఐఆర్ నకలు.. ఉచితం

ఫిర్యాదు ఇచ్చిన వ్యక్తికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలన్నది పాత నేర శిక్షాస్మృతి 154వ సెక్షన్‌లోనే ఉంది. కొత్త చట్టం 'బాధితుడికి' కూడా ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. బాధితుడు అనే మాటలో వారసులు కూడా వస్తారు. అంటే భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు తాను ఫిర్యాదు ఇవ్వకపోయినా, ఫిర్యాదు సేఠో, పక్కింటాయనో ఇచ్చినా, వారసురాలిగా నకలు అడగవచ్చు.

ఫిర్యాదు రాసుకున్నాక చదివి వినిపించడం పోలీసుల బాధ్యత. మరాఠీ రాకపోతే హిందీలో చెప్పమని అడగాలి. సంతకం పెట్టే ముందే పేర్లు సరిచూసుకోవాలి. ఇక్కడే తెలుగువారికి పెద్ద చిక్కు. మహారాష్ట్రలో ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మన దగ్గర ఇంటిపేరు ముందు. ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో ఒక తీరు, ఠాణాలో మరో తీరు. ఆ తేడా బీమా కంపెనీకి సాకుగా మారుతుంది. తప్పు కనిపిస్తే అప్పుడే పురవణీ జబాబ్ ఇచ్చి దిద్దించుకోవాలి. ఆధార్ నకలు చూపించి అందులో ఉన్నట్టే రాయమనాలి.

ఠాణాకు పోకుండానే ఎఫ్ఐఆర్ చూసుకునే వీలూ ఉంది. 2016 సెప్టెంబర్ 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించింది. కొన్ని పరిస్థితుల్లో 48, దారీతెన్నూ లేని చోట్ల 72 గంటల దాకా గడువిచ్చింది. మహారాష్ట్ర పోలీసు సిటిజన్ పోర్టల్‌లో జిల్లా, ఠాణా, తేదీ ఇచ్చి వెతకొచ్చు. లైంగిక నేరాలు, పిల్లలపై నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైనవి అందులో కనిపించవు. నిందితుడుగా పేరున్న వాళ్లు కూడా అర్జీ పెట్టుకుని నకలు పొందవచ్చని అదే తీర్పు చెప్పింది.

ఏడీ నమోదు మాత్రం ఎఫ్ఐఆర్ కాదు కాబట్టి ఆ జాబితాలో వెతికితే దొరకదు. దానికి ఠాణాకు అర్జీ పెట్టాల్సిందే.

అర్జీ ఇలా..

తెల్లకాగితం చాలు. మరాఠీలో రాయించుకోవాలి. రాయడం వచ్చిన పిల్లలు చాలా ఇళ్లలో ఉన్నారు. మునిసిపల్ బడుల్లో మరాఠీ చదివినవాళ్ల చేత రాయించినా సరిపోతుంది. రూపం ఇదీ:

'ప్రతి, మాననీయ్ వరిష్ఠ్ పోలీస్ నిరీక్షక్ సాహెబ్, ఫలానా పోలీస్ ఠాణే, భివండి. విషయ్: అకస్మాత్ మృత్యూ నంబర్ ఫలానా, పంచనామా వ శవవిచ్ఛేదన్ అహవాల్ యాంచీ ప్రమాణిత్ ప్రత్ మిళణ్యాబాబత్.'

అంటే, ఆ నెంబరు గల ఏడీ నమోదు, పంచనామా, పోస్టుమార్టం నివేదికల ధ్రువీకరించిన నకలు ఇప్పించాలని. కింద మరణించిన వ్యక్తి పేరు, తేదీ, స్థలం, అర్జీదారు బంధుత్వం, ఏ పనికి కావాలో రాయాలి. ఆధార్, బంధుత్వం చూపే కాగితం (రేషన్‌కార్డు, పెళ్లి కాగితం లాంటివి), ఫోన్ నెంబరు జతచేయాలి.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఠాణా ముద్ర, తేదీ, 'ఆవక్' నెంబరు వేయించుకోవాలి. మరాఠీలో దీన్ని 'పోచ్' అంటారు. ''పోచ్ ద్యా'' అని అడగడం మొహమాటం కాదు. అది లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రుజువే లేదు. ముద్ర వేయమంటే ఆ కాగితాన్నే పోస్టాఫీసుకు తీసుకెళ్లి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ఆసుపత్రి చుట్టూ..

పోస్టుమార్టం నివేదిక రాసేది ఆసుపత్రి. అది దర్యాప్తు అధికారికి వెళ్తుంది. కుటుంబానికి నకలు ఠాణా ద్వారా ఇవ్వడమే చాలాచోట్ల రివాజు. కరెంటు షాక్, విషం లాంటి కేసుల్లో 'విసెరా' నమూనాలను ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. ముంబై కలీనాలోని ప్రయోగశాల ఈ రాష్ట్రంలో ముఖ్యమైనది. ఆ ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు. ''కారణం ఇంకా తేలలేదు'' అని నివేదికలో రాసి ఉంటే కుటుంబం కలవరపడుతుంది. అప్పుడు విసెరా పంపిన తేదీ, నెంబరు అడిగి రాసుకోవాలి. ఫలితం వచ్చాక తుది అభిప్రాయం నకలు విడిగా అడగాలి.

మరణ ధ్రువపత్రం విషయంలో మరో పొరపాటు జరుగుతోంది. ఊళ్లో దహనం చేశాం కదా అని గ్రామ పంచాయతీలో నమోదుకు వెళ్తారు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలన్నది 1969 జనన మరణాల చట్టం. భివండిలో చనిపోతే భివండి-నిజాంపూర్ మహానగరపాలికదే ఆ పని. గడువు 21 రోజులు. దాటితే ఆలస్య రుసుం, ఇంకా ఆలస్యమైతే పై అధికారి అనుమతి. ఊరికి శవాన్ని తీసుకెళ్లినవాళ్లలో ఒకరైనా దీనికోసం వెనకే ఆగడం మంచిది.

లారీ కింద పడితే..

గోదాముల పట్టణమైన భివండి చుట్టూ లారీల రద్దీ. రోడ్డు ప్రమాదాలకు లెక్క వేరు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం పోలీసులు మొదటి ప్రమాద నివేదికను 48 గంటల్లో, సవివర నివేదికను 90 రోజుల్లో క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. బాధితులకూ నకలు ఇవ్వాలి. గుద్దిన బండి దొరకకపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. అదే తేదీ నుంచి హిట్ అండ్ రన్ పరిహారం మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50 వేలు. దీనికి అర్జీ తీసుకునేది ఠాణా కాదు, రెవెన్యూ ప్రాంత అధికారి లేదా తహసీల్దారు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నకలు మాత్రం ఠాణా నుంచే తెచ్చుకోవాలి.

ఎంత దాకా వచ్చింది?

ఎఫ్ఐఆర్ అయ్యాక మూడు నెలలైనా ఉలుకూ పలుకూ ఉండదు. ఠాణాకు పోతే ''తపాస్ చాలూ హై'' అంటారు. దర్యాప్తు ఎంత దాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితుడికి చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్ నిర్దేశించింది. ఫోన్ సందేశం ద్వారానైనా చెప్పొచ్చు. అందుకే అర్జీల్లో పని చేసే నెంబరే ఇవ్వాలి.

చార్జిషీటు కోర్టుకు వెళ్లాక లెక్క మారుతుంది. అది అందరికీ వెబ్‌సైట్‌లో పెట్టే పత్రం కాదని 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వకీలు పెట్టుకున్న బాధితుడికి కూడా పోలీసు నివేదిక ప్రతులివ్వాలని 230వ సెక్షన్ అంటోంది. లేదంటే కోర్టు నకలు విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి.

కేసు మూసేస్తే? మహారాష్ట్రలో ఇందుకు 'ఏ', 'బీ', 'సీ' సమరీలు అనే పద్ధతుంది. నేరం నిజమే కానీ దోషి దొరకలేదంటే 'ఏ'. ఫిర్యాదు దురుద్దేశంతో ఇచ్చిన అబద్ధమంటే 'బీ'. పొరపాటుగా లేదా సివిల్ తగాదాను ఫిర్యాదుగా ఇచ్చారంటే 'సీ'. కేసు మూసేసే నివేదికను అంగీకరించే ముందు ఫిర్యాదుదారు మాట వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు నోటీసు పాత అద్దె ఇంటికి వెళ్లి తిరిగొస్తే ఆ అవకాశం చేజారుతుంది. ఇల్లు మారితే ఠాణాకు, కోర్టుకు రాసి ఇవ్వాలి.

ఇవ్వనంటే.. సమాచార హక్కు

అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం. మరాఠీలో 'మాహితీచా అధికార్'. ఇది 2005 అక్టోబర్ 12 నుంచి అమలైంది. మహారాష్ట్రలో అంతకుముందే 2002లో సొంత చట్టం వచ్చింది. దాని వెనక అన్నా హజారే పోరాటం ఉంది.

దరఖాస్తు ఇంగ్లిషులో, హిందీలో లేదా మరాఠీలో ఉండాలి. తెలుగులో పెడితే మహారాష్ట్రలో చెల్లదు. రుసుం 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరి. దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. ఇవి మహారాష్ట్ర నియమాలు. ''ఎందుకు చేయలేదు?'' అని నిలదీయడం కాదు, ''ఈ కాగితాల ప్రతులు ఇవ్వండి'' అని అడగాలి. నకలుకు పేజీకి 2 రూపాయలు. దారిద్య్ర రేఖకు దిగువనున్న వాళ్లు ఆ కాగితం జతచేస్తే రుసుం లేదు.

జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. తప్పు కార్యాలయానికి వెళ్తే వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. జన్ మాహితీ అధికారి ఎవరో, అప్పీలు అధికారి ఎవరో ఠాణా గోడ మీద బోర్డు చూస్తే తెలుస్తుంది. కాదంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు. రుసుం 20 రూపాయలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఠాణే జిల్లా కొంకణ్ బెంచి కిందికి వస్తుంది. అది నవీ ముంబైలో ఉంది.

పోలీసుల నుంచి ఎక్కువగా వచ్చే జవాబు 8(1)(హెచ్) సెక్షన్. దర్యాప్తుకు ఆటంకమని. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క మాటే చాలదని, ఇస్తే ఎలా ఆటంకమో చూపాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అప్పీలులో ఈ తీర్పు పేరు రాయడం మరవొద్దు. సాక్షుల పేర్లు, మూడో మనిషి సొంత వివరాలు మాత్రం ఇవ్వకపోవచ్చు. వాటి కోసం పట్టుబట్టి మిగతా కాగితాలు పోగొట్టుకోవద్దు.

ఫిర్యాదే తీసుకోకుంటే?

కొట్టి చంపారని, కాపలా లేని వైరు తగిలి పోయాడని చెప్పినా ఠాణాలో రాసుకోకపోతే చేతులు ముడుచుకోవద్దు. విచారణకు అర్హమైన నేరమని తెలిస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013 నవంబర్ 12న లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో 14 రోజుల ప్రాథమిక విచారణకు మాత్రం కొత్త చట్టం వీలిచ్చింది. ఠాణా వినకపోతే ఆ ఫిర్యాదునే పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలోనైతే డిప్యూటీ కమిషనర్‌కు పంపాలి. ఆపైన మెజిస్ట్రేటు కోర్టు.

వకీలుకు డబ్బుల్లేవన్న భయం వద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సాయం దక్కుతుంది. 15100 నెంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

రికార్డు విలువ తెలిసిన ఊరు

ఠాణా కాగితం విలువ భివండికి కొత్త కాదు. 1970 మే 7న ఇక్కడ చెలరేగిన అల్లర్లపై జస్టిస్ డి.పి.మాదన్ కమిషన్ విచారించింది. పోలీసుల దర్యాప్తు పక్షపాతంతో సాగిందని ఆ కమిషన్ ఎత్తిచూపింది. అధికారుల మాటతో ఆగక వాళ్లు రాసిన కాగితాలనూ చూసింది కాబట్టే అది సాధ్యమైంది. 1984లో మళ్లీ అల్లర్లు జరిగాయి. తర్వాత డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టి జనాన్ని ఠాణాకు దగ్గర చేశారు. 1992-93లో ముంబై తగలబడినా భివండి నిబ్బరంగా ఉండటం వెనక ఆ కమిటీల పాత్ర ఉందంటారు. ఠాణా గడప తొక్కడం తప్పు కాదన్న నమ్మకం ఉంటేనే ఇలాంటివి సాధ్యం.

2020 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ భవనం కూలి పదుల మంది చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో మరో భవనం కూలింది. అలాంటి వేళ ఎవరు ఎక్కడ ఉండేవారు, ఎవరు ఎవరికి వారసులు అన్నది కాగితాల్లోనే తేలాలి. అద్దె ఇంటికి చిరునామా రుజువు లేని వలస కుటుంబానికి ఆ పని మరింత కష్టం.

అమెరికా పోయిన పిల్లలకూ ఇదే చదువు

ఈ పాఠం సిరిసిల్ల, జగిత్యాల నుంచి అమెరికా పోయిన పిల్లల ఇళ్లకూ పనికొస్తుంది. అక్కడ పల్లె ప్రాంతాల్లో పోలీసు బాధ్యత కౌంటీ షెరిఫ్‌ది. ప్రమాదమైనా, మరణమైనా రికార్డు చాలాచోట్ల షెరిఫ్ కార్యాలయంలోనే ఉంటుంది. 1966 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం ఫెడరల్ కార్యాలయాలకే వర్తిస్తుంది. షెరిఫ్‌ను అడగాలంటే ఆ రాష్ట్రం సొంత చట్టం పేరు చెప్పాలి. టెక్సాస్‌లోనైతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్. మరణ కారణం రాసేది కరోనర్ లేదా మెడికల్ ఎగ్జామినర్. అంటే అక్కడా రెండు కార్యాలయాలు, రెండు అర్జీలు. కేసు నెంబరు, తేదీ, చోటు, బంధుత్వం.. అడిగేవి ఇవే నాలుగు. దేశం మారినా అర్జీ తీరు మారదు.

ఇవి మరవొద్దు

* మరణం పనిచోటైనా, రోడ్డు మీదైనా ఠాణాకు కబురు పెట్టకుండా శవాన్ని కదపొద్దు. కోతకు భయపడితే తర్వాత కుటుంబం కోతకు గురవుతుంది.
* బయల్దేరే ముందు ఏడీ లేదా ఎఫ్ఐఆర్ నెంబరు, దర్యాప్తు అధికారి పేరు ఫోన్‌లో రాసుకోవాలి.
* ఖాళీ కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ వద్దు. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చే జబాబ్ మీద సంతకం అవసరం లేదని చట్టమే చెబుతోంది.
* సేఠు డబ్బులిస్తే తీసుకోవచ్చు. ''ఇంకేమీ అడగం'' అని రాసివ్వొద్దు.
* నకలు వచ్చాక పేర్లు, తేదీ, చోటు అక్కడికక్కడే సరిచూసుకోవాలి. రెండు జిరాక్సులు తీసి ఒకటి ఊళ్లో, ఒకటి భివండిలో ఉంచాలి.

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు అప్పుడే ముడి వేస్తాడు. ఆగితే బట్ట పాడవుతుంది. ఠాణా కాగితమూ అంతే. ఆ రోజే అడిగితే ఒక్క నెంబరుతో పోయే పని. ఏడాది తర్వాత అడిగితే ఆరేడు వందల కిలోమీటర్ల దారిలో అటూ ఇటూ తిరగాల్సిన పని.